ప్రవర్తనా నియమావళి - పాత ఫైలు నేర్పిన పాఠం

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ప్రాముఖ్యం మీకు నేను చెప్పనక్కరలేదు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల పెన్షను అనేది ఎవరో దయతలచి ఇచ్చేది కాదని, మన హక్కు అని తేలింది. ఏటా ఈ వేదిక మీద డి.ఏ. బకాయిలు, వైద్య సౌకర్యాలు, పే రివిజన్ గురించి మాట్లాడుకుంటాం. అవి మాట్లాడేందుకు నాకంటె సమర్థులు ఇక్కడ ఉన్నారు. అధ్యక్షులవారు నన్ను “ఏదైనా కొత్త విషయం చెప్పవయ్యా” అన్నారు. కనుక మా ఇంట్లో సంక్రాంతికి జరిగిన ఒక చర్చ గురించి, దానివల్ల నాకు గుర్తుకొచ్చిన ఒక పాత తప్పు గురించి మనవి చేస్తాను. ఆ తప్పు చేసినవాణ్ణి నేనే.

మా పెద్దమ్మాయి కూతురు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తోంది. ఉద్యోగం కాక, రాత్రిపూట జీతంలేని పని ఒకటి పెట్టుకుంది. తెలుగులో టైపు చేసినప్పుడు అక్షరదోషాలు పట్టే ఒక చిన్న సాఫ్ట్‌వేరును పదిహేనుమంది కలిసి తయారు చేస్తున్నారు. వారిలో కొందరు ఇక్కడివారు, కొందరు బెంగుళూరువారు, ఇద్దరు అమెరికాలో ఉంటున్నారు. దీనిని ఓపెన్ సోర్సు పద్ధతి అంటారట. నాకర్థమైనంతలో చెబుతాను. బజారులో ఆవకాయ సీసా కొంటే ఆవకాయ మాత్రమే వస్తుంది. ఓపెన్ సోర్సులో సీసాతోపాటు కొలతల చీటీ కూడా ఇచ్చేస్తారు. ఆ చీటీ చూసి ఎవరైనా కలుపుకోవచ్చు, ఉప్పు ఎక్కువైతే ఆ సంగతి చెప్పి కొలత సవరించవచ్చు. నచ్చితే ఆ సవరణను అందరి చీటీలోనూ చేర్చుతారు. మన చిన్నతనంలో ఊరంతా కలిసి చెరువు పూడిక తీసేవారు చూడండి, అటువంటి శ్రమదానమే ఇది కూడా.

ఇది పిల్లల కాలక్షేపం అనుకోకండి. మీ జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోను అడుగున పనిచేసేది లినక్స్. 1991లో ఫిన్లాండు దేశంలో, హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి దానిని మొదలుపెట్టి అందరికీ పంచిపెట్టాడు. ఆ తరువాత ప్రపంచమంతటా వేలమంది చేతులు వేశారు.

ఇక్కడే చిక్కు వస్తుంది. ఇందులో చాలామంది ఒకరి ముఖం ఒకరు చూడని వారు. వారికి ఆఫీసు లేదు, మేనేజరు లేడు, సర్వీసు రిజిస్టరు అంతకన్నా లేదు. ఎవరైనా నోరు పారేసుకుంటే అడిగే నాథుడెవరు? మా మనవరాలి బృందంలో సరిగ్గా అదే జరిగింది. ఒక సీనియరు, అందరికంటె పని తెలిసినవాడు, చిన్న పట్నం నుంచి వచ్చిన ఒక విద్యార్థి పంపిన సవరణ మీద అందరూ చదివేటట్లు అవమానకరంగా రాశాడు. పనిలో తప్పు చూపించి ఊరుకోలేదు. ఆ కుర్రవాడి కాలేజీని, చదువును, యాసను కూడా ఎత్తిపొడిచాడు. ఆ విద్యార్థి మర్నాటి నుంచి కనబడలేదు. కొందరు ఆ సీనియరును వెంటనే తీసేయాలన్నారు. కొందరు ఆయన లేకపోతే పని ఆగిపోతుందన్నారు. చివరికి ఒక ప్రవర్తనా నియమావళి రాయాలని నిర్ణయించి, ఆ పని మా అమ్మాయికి అప్పగించారు.

పండుగకు వచ్చిన మూడోరోజు ఒక కాగితం పట్టుకుని నా దగ్గర కూర్చుంది. “తాతయ్యా, నువ్వు సర్వీసంతా డిసిప్లినరీ ఫైళ్లు చూశావుగా, ఇది ఒకసారి చూడు” అంది. అందులో రెండే వాక్యాలున్నాయి. అందరూ మర్యాదగా మెలగాలి. మర్యాద తప్పినవారిని వ్యవస్థాపకులు ముగ్గురూ కలిసి తొలగిస్తారు.

“ఆ ముగ్గురూ ఎవరమ్మా?” అని అడిగాను. చెప్పింది. ఫిర్యాదు ఎవరిమీద వచ్చిందో ఆ సీనియరు ఆ ముగ్గురిలో ఒకడు!

అప్పుడు నాకు 1983 నాటి ఒక ఫైలు కళ్లముందు మెదిలింది.

అప్పటికి నా సర్వీసు మూడేళ్లు. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో గుమాస్తాను. మా ఆఫీసు పేరు ఇక్కడ అనవసరం. ఒక అటెండరు డబ్బు తీసుకుని కాగితాలు ముందు వెనుకలు చేస్తున్నాడని ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. మెమో ఇచ్చాం. ఆయన అరఠావు మీద తెలుగులో, వంకర అక్షరాలతో సంజాయిషీ రాసి ఇచ్చాడు. ఆ రోజు నా బల్లమీద నలభై ఫైళ్లున్నాయి. ఆ సంజాయిషీని నేను పూర్తిగా చదవలేదు. నోట్‌ఫైలులో అందరూ రాసే మాటే రాశాను, సంజాయిషీ సంతృప్తికరంగా లేదని. పైవారు నా నోటు మీద సంతకాలు చేశారు. క్యుములేటివ్ ఎఫెక్ట్‌తో రెండు ఇంక్రిమెంట్లు ఆపారు. ఆ శిక్షకు పూర్తి ఎంక్వైరీ జరగాలని సుప్రీంకోర్టు 1990లో చెప్పింది. ఆనాడు మెమో, సంజాయిషీ, ఆర్డరు, అంతే. ఆర్డరు ఇంగ్లీషులో వెళ్లింది. దానిమీద గడువులోగా అప్పీలు చేసుకోవచ్చని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

నాలుగేళ్ల తరువాత అసలు మనిషి వేరని బయటపడింది. పాత ఫైలు తీసి సంజాయిషీ చదివాను. ఆ తేదీల్లో తాను వేరే ఊళ్లో డ్యూటీలో ఉన్నానని, హాజరుపట్టీ చూడమని అందులో రాసి ఉంది. పది నిమిషాల పని. అప్పటికి ఆయన రిటైరయ్యాడు. క్యుములేటివ్ ఎఫెక్ట్ అంటే ఏమిటో ఈ సభలో ఎవరికీ వివరించనక్కరలేదు. ఆ రెండు ఇంక్రిమెంట్ల లోటు ఆయన పెన్షనులోకి వెళ్లింది. ఆయన వెనుక ఫ్యామిలీ పెన్షనులోకీ వెళ్లింది.

మా మనవరాలికి ఇదంతా చెప్పాను. మా ఇంట్లో అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. చెప్పి, “నీ కాగితంలో నాలుగు ప్రశ్నలకు జవాబు లేదు తల్లీ” అన్నాను. ఏది తప్పో ముందుగా తెలిపారా? ఆరోపణ వచ్చినవాడి మాట వింటారా? తీర్పు చెప్పేవాడికి ఆ గొడవతో సంబంధం లేకుండా చూశారా? తీర్పు నచ్చకపోతే ఎక్కడికి వెళ్లాలి? మన రాజ్యాంగం 311వ అధికరణలో ప్రభుత్వోద్యోగిని విచారణ లేకుండా, తన వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా డిస్మిస్ చేయరాదని ఉంది. మనం సహజ న్యాయ సూత్రాలు అనేవి ఇవే. రెండో పక్షం వినకుండా తీర్పు చెప్పరాదు. తన కేసుకు తానే జడ్జి కారాదు.

మా అమ్మాయి ఊరుకుంటుందా? “తాతయ్యా, నీ ప్రశ్నలన్నీ నింద పడినవాడి తరఫునే ఉన్నాయి. అవమానపడి వెళ్లిపోయిన కుర్రాడి మాటేమిటి?” అంది. నేను తెల్లబోయాను. నిజమే. ఆ అటెండరు ఫైలు నా మనస్సులో ఎంతగా నాటుకుపోయిందంటే, ఫిర్యాదు చేసినవాడంటే ఆకాశరామన్న అనే అనుకోవడం అలవాటైపోయింది. “ఆఫీసులో మీకు జీతం వస్తుంది గనక అవమానపడ్డా మర్నాడు వస్తారు. మా దగ్గర వెళ్లిపోయినవాడు వెళ్లిపోయినట్టే. ఎందుకు వెళ్లాడో కూడా తెలియదు” అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

అప్పుడిద్దరం కూర్చుని, ఇంతకుముందు ఇతరులు ఏం చేశారో చూశాం. వెతికి చదివినది తను, కళ్లజోడు తుడుచుకుంటూ విన్నది నేను.

ఇందాక చెప్పిన లినక్స్‌లోనే చాలాకాలం కటువుగా మాట్లాడటమే ఆనవాయితీగా సాగింది. టోర్వాల్డ్స్‌గారే అందుకు పేరుపడ్డారు. 2015లో ఒక చిన్న పత్రం పెట్టారు. పనిమీద విమర్శ తప్పదు, వ్యక్తిగతంగా బాధ కలిగితే సలహా మండలికి చెప్పుకోవచ్చు అని దాని సారాంశం. అది చాలలేదు. 2018 సెప్టెంబరులో ఆయన తన దురుసు మాటలకు బహిరంగంగా క్షమాపణ చెప్పుకుని, కొద్ది వారాలు పని నుంచి తప్పుకుని, అక్టోబరులో తిరిగి వచ్చారు. అదే సెప్టెంబరులో పాత పత్రం స్థానంలో కొత్త నియమావళి పెట్టారు. అంత పెద్దమనిషి తప్పు ఒప్పుకున్నాడంటే నాకు ఆయనపై గౌరవం పెరిగింది. మన సర్వీసులో ఎంతమంది పై అధికారులు ఆ పని చేశారో మీరే గుర్తుచేసుకోండి.

వారు తీసుకున్న ఆ నియమావళి పేరు కాంట్రిబ్యూటర్ కవెనెంట్. కొరలైన్ అడా ఎమ్కీ అనే అమెరికన్ ప్రోగ్రామరు 2014లో దానిని రాశారు. తరువాత వచ్చిన రెండవ కూర్పులో శిక్షలకు నాలుగు మెట్లు చేర్చారు. మొదట తప్పు తెలియజెప్పి సరిదిద్దడం, తరువాత హెచ్చరిక, ఆపైన కొంతకాలం దూరంగా ఉంచడం, చివరిది శాశ్వత తొలగింపు. మనకు సెన్సూరు దగ్గర నుంచి డిస్మిసల్ దాకా మెట్లున్నట్లే. చిన్న తప్పుకు చిన్న శిక్ష, పెద్ద తప్పుకు పెద్ద శిక్ష అనే సూత్రం వాళ్లకూ అవసరపడింది.

ఎస్‌క్యూలైట్ అనే సాఫ్ట్‌వేరువారు మరో దారి తొక్కారు. నియమావళి ఏదైనా ఉందా అని వాడకందారులు అడుగుతుంటే, ఆరవ శతాబ్దానికి చెందిన సెయింట్ బెనెడిక్ట్ తన మఠంలోని సన్యాసులకు రాసిన సూత్రాలను 2018లో తమ నియమావళిగా పెట్టారు. దానిమీద పెద్ద చర్చ జరిగింది. తరువాత దానిని తమ నైతిక ఆదర్శంగా వేరే ఉంచుకుని, నియమావళిగా వేరొక సంస్థ రాసుకున్నదానిని స్వీకరించారు. ఆదర్శాలు గొప్పవే. అయితే ఎవరికి ఫిర్యాదు చేయాలి, వారు ఎన్నాళ్లలో జవాబు చెప్పాలి అనే మాటలు ఆదర్శంలో దొరకవు. అవి రూల్సులోనే ఉండాలి.

మూడో అనుభవం రస్ట్ అనే కంప్యూటరు భాషవారిది. అక్కడ నియమావళి ఉంది, అమలుచేసే బృందం కూడా ఉంది. అయినా 2021 నవంబరులో ఆ బృందం మొత్తం రాజీనామా చేసింది. అన్నిటికంటె పైన ఉన్న బృందం ఎవరికీ జవాబుదారీగా లేదని, దానిమీద నియమావళిని తాము అమలుచేయలేకపోతున్నామని కారణం చెప్పారు. చివరికి పాలనా వ్యవస్థనే మార్చుకుని 2023లో కొత్త నాయకత్వ మండలిని ఏర్పాటు చేసుకున్నారు. గేటు దగ్గర వాచ్‌మన్‌కు వర్తించే రూలు మేడమీద దొరగారికి వర్తించకపోతే ఆ కాగితానికి విలువ లేదు.

నాలుగోది మనకు దగ్గరది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఇక్కడున్నవారిలో కొందరి పిల్లలు అందులో వ్యాసాలు రాసే ఉంటారు. అన్ని భాషల వికీపీడియాలకు, వాటిని నడిపే సాఫ్ట్‌వేరు పనివారికి కలిపి ఒక సార్వత్రిక నియమావళిని ఆ సంస్థ బోర్డు 2020 డిసెంబరులో ఆమోదించింది. దానిని ఎలా అమలుచేయాలో 2022లో సభ్యుల ఓటుకు పెట్టారు. సగానికి మించి అనుకూలంగా వచ్చాయి. అయినా సరిపోయిందని ఊరుకోలేదు. వ్యతిరేకించినవారు రాసిన అభ్యంతరాలు చదివి, తిరగరాసి, 2023లో మళ్లీ ఓటింగు జరిపారు. ఆ అభ్యంతరాల్లో ముఖ్యమైనది ఏమిటో తెలుసా? ఫిర్యాదుదారు వివరాలు గోప్యంగా ఉంచడానికి, నింద పడినవాడికి తన మాట చెప్పుకునే హక్కు ఇవ్వడానికి మధ్య పొత్తు ఎలా కుదర్చాలన్నది. తాతా మనవరాలు మా వీధి అరుగుమీద వాదించుకున్నది సరిగ్గా అదే. అది చదివి ఇద్దరం నవ్వుకున్నాం.

ఇక మేము రాసిన కాగితం సంగతి. మొత్తం రెండు పేజీలు. అందులోని ముఖ్యాంశాలు ఇవి.

మొదటిది, ఏది తప్పో ఉదాహరణలతో చెప్పాలి. పనిని విమర్శించవచ్చు, మనిషిని కాదు. “ఈ సవరణ పనిచేయదు, కారణం ఇది” అనవచ్చు. “నీకెవడు చదువు చెప్పాడు” అనరాదు. కులం, మతం, ఊరు, యాస, ఆడ మగ అనే వాటిని పనిలోకి లాగరాదు.

రెండవది, ఫిర్యాదు తీసుకోవడానికి ముగ్గురుండాలి. అందులో ఒకరు బృందానికి బయటివారు, కనీసం ఒకరు స్త్రీ. ఇది నా సలహా. 1997 విశాఖ తీర్పు తరువాత, ముఖ్యంగా 2013 చట్టం వచ్చాక, ఆఫీసుల్లో మహిళల ఫిర్యాదులు వినే కమిటీలో బయటి సభ్యులొకరు తప్పనిసరి అయిన సంగతి మీకు తెలుసు. ఆ ముగ్గురిలో ఎవరికైనా గొడవతో సంబంధముంటే ఆ కేసు నుంచి తప్పుకోవాలి.

మూడవది, ఆకాశరామన్న ఉత్తరం మీద శిక్ష వేయరాదు. అయితే ఫిర్యాదుదారు పేరు కమిటీ దాటి బయటకు పోరాదు. ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధిస్తే అది వేరే తప్పు. ఈ చివరి రెండూ మా అమ్మాయి పట్టుబట్టి రాయించింది.

నాలుగవది, గడువు. రెండు రోజుల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోగా తేల్చాలి. మనలో కొందరికి ఎంక్వైరీ తెమలక రిటైరైనా గ్రాట్యుటీ ఆగిపోయి, ప్రొవిజనల్ పెన్షనుతో కాలక్షేపం చేయవలసి వచ్చింది. ఆ అనుభవంతోనే పట్టుబట్టి ఈ మాట పెట్టించాను.

అయిదవది, నాలుగు మెట్ల శిక్షలు, వేరే ఇద్దరి ముందు అప్పీలు. తీర్పు పంపే కాగితం మీదే అప్పీలుకు ఎన్నాళ్లు గడువో, ఎవరికి పంపాలో, ఆ మనిషికి తెలిసిన భాషలో రాయాలి. ఈ వాక్యం రాసేటప్పుడు నా చెయ్యి కాసేపు ఆగింది.

ఆరవది, ఏడాదికొకసారి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఏం చేశారో పేర్లు లేకుండా అందరికీ తెలపాలి. నియమావళిని కూడా ఏటా సరిచూసుకోవాలి. మేము రాసిందే వేదం అనుకోలేదు.

ఏడవది, రూలు రాయకముందు జరిగినదానికి కొత్త శిక్ష వేయరాదు. దీనిమీద ఇంట్లో పెద్ద రభస అయింది. అలాగైతే ఆ సీనియరు తప్పించుకుంటాడని మా అమ్మాయి బాధ. కాని అవమానించరాదని తెలియడానికి ఎవరికీ రూలు పుస్తకం అక్కరలేదు కనుక, తెలియజెప్పి హెచ్చరించడానికి అడ్డు లేదన్నాను. చివరికి బృందం అలాగే చేసింది. ఆయన చెప్పింది కూడా విన్నారు. ఆయన మొదట కోపగించి, తరువాత తాను రాసినదాన్ని ఎవరో చదివి వినిపిస్తే మౌనంగా ఉండిపోయాడట. రాతపూర్వకంగా క్షమాపణ పంపాడు. కొత్తవారి పనిని మూడు నెలలపాటు తాను చూడనని తానే ఒప్పుకున్నాడు. ఆ విద్యార్థి మాత్రం ఈనాటికీ తిరిగి రాలేదు. నియమావళి ఆలస్యంగా వస్తే అంతే. ఇల్లు కాలాక బావి తవ్వినట్లవుతుంది.

సోదరులారా, ఈ కథ మనకెందుకు అనుకోవచ్చు. మనమూ జీతం లేకుండా కలిసి పనిచేసేవాళ్లమే. నిరుడు మన సర్వసభ్య సమావేశంలో లెక్కల మీద వచ్చిన మాటామాటా ఎక్కడిదాకా పోయిందో మీకు గుర్తుంది. ఆ రోజు లేచి ప్రశ్న అడిగిన ఒక సోదరి తరువాత ఏ సమావేశానికీ రాలేదు. ఎందుకు రాలేదో మనలో ఎవరూ వెళ్లి అడగలేదు. సంఘం నియమావళిలో చందా గురించి, కోరం గురించి, ఎన్నికల గురించి ఉంది. ఒకరినొకరు ఎలా మాట్లాడుకోవాలో, మాట మీరితే ఎవరికి చెప్పుకోవాలో లేదు. ఒక్క పేజీ చాలు. ఫిర్యాదు వినడానికి ముగ్గురు, అందులో ఒకరు స్త్రీ, ఒకరు కార్యవర్గం బయటివారు. వచ్చే సమావేశంలో ఈ తీర్మానం ప్రవేశపెట్టడానికి అనుమతించవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతున్నాను. ఈలోగా ఆ సోదరి ఇంటికి మనలో ఇద్దరు ముగ్గురం వెళ్లివద్దాం. నేను వస్తాను.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. అసలు విషయం బయటపడ్డ తరువాత ఆ అటెండరుగారి ఊరు వెతుక్కుంటూ వెళ్లాను. నులకమంచం వాల్చి కూర్చోబెట్టారు. వాళ్లావిడ మజ్జిగ ఇచ్చింది. దరఖాస్తు పెట్టుకోమని, నేను రాసిస్తానని అన్నాను. ఆయన అదేమీ పట్టించుకోకుండా, “అప్పుడు నా కాగితం చదివారాండీ?” అని అడిగాడు. చదవలేదని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. తరువాత ఆయన తరఫున రాశాను, తిరిగాను. గడువు దాటిందని జవాబు వచ్చింది.

మా మనవరాలి నియమావళి చివర ఆ ముగ్గురు సభ్యులు సంతకం చేసే చోట ఒక వాక్యం ఉంటుంది. ఇరుపక్షాలవారూ రాసి ఇచ్చినది పూర్తిగా చదివాము అని. అది రాస్తే తప్ప తీర్పు చెల్లదు. ఆ వాక్యం నేను చేర్పించినది.